సోవియట్ సైన్యం ఖాళీ చేసిపోయిన బిల్డింగులు చూడాలంటే

హన్మకొండ నయీంనగర్‌లో సాయంత్రాలు జర్మన్ భాషలో మొదటి రెండు మెట్లు, ఏ1, ఏ2 చెప్తుంటాను. అంతకు ముందు బెర్లిన్ దగ్గర ఒక చిన్న కంపెనీలో సివిల్ ఇంజనీరుని. పాత బిల్డింగులు కూల్చే ముందు లోపలికి వెళ్లి ఏ గోడలో ఏముంది, ఏ స్లాబు ఎంత బరువు మోస్తుంది, ఏ రేకులో ఆస్‌బెస్టాస్ ఉంది అన్నీ రాసిపెట్టడం మా పని. ఆ తర్వాతే జేసీబీకి ఎంట్రీ. ఈ సంగతి మా క్లాసులో అందరికీ తెలుసు. అందుకని నర్సంపేట, పరకాల, జగిత్యాల నుంచి వచ్చే పిల్లలు వీసా స్టాంపు పడగానే అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: "అన్నా, రష్యా వాళ్లు ఇడిచిపెట్టిన మిలటరీ బిల్డింగులు యూట్యూబ్‌ల చూసినం. ఎట్ల పోవాలె?"

పోవచ్చు, పోవాలి కూడా. యూరప్‌లో చదువుకుని ఈఫిల్ టవర్ ముందు ఫొటో దిగి వచ్చినవాడికన్నా, ఒక ఖాళీ బ్యారక్‌లో, అంటే సిపాయిలు కలిసి ఉండే బిల్డింగులో, గంటసేపు నిలబడి వచ్చినవాడికి ఆ ఖండం గురించి ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం. కాకపోతే యూట్యూబ్ కుర్రాళ్లు చూపించినట్టు కిటికీలోంచి దూకి, పైకప్పు మీద కాళ్లు వేలాడేసి కూర్చోవాల్సిన అవసరం అస్సలు లేదు. ఆ బిల్డింగుల్లో చూడదగ్గవి దాదాపు అన్నీ కంటి ఎత్తులోనే ఉంటాయి. వాటిని చదవడం రావాలి, అంతే. అది రానివాళ్లే పైకెక్కుతారు, కిందికి దిగుతారు.

ముందు ఇవన్నీ ఎందుకు ఖాళీ అయ్యాయో కొంచెం తెలుసుకోండి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సోవియట్ సైన్యం తూర్పు జర్మనీలో ఉండిపోయింది. బాల్టిక్ దేశాలైన ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియాలనైతే సోవియట్ యూనియన్ తనలోనే కలిపేసుకుంది. 1990 సెప్టెంబర్ 12న రెండు జర్మనీలూ, యుద్ధం గెలిచిన నాలుగు దేశాలూ మాస్కోలో ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ప్రకారం 1994 ఆఖరుకల్లా సోవియట్ సైన్యం జర్మనీ వదిలి వెళ్లాలి. ఆ ఏడాది ఆగస్టు 31న బెర్లిన్‌లో వీడ్కోలు జరిగింది. లాత్వియా, ఎస్టోనియాల నుంచి వైదొలగింది కూడా అదే తేదీన. లిథువేనియా నుంచి సరిగ్గా ఏడాది ముందే వెళ్లిపోయారు. జర్మనీ ఒక్కదాంట్లోనే మూడు లక్షలకు పైగా సైనికులు ఉండేవారు, వాళ్ల పెళ్లాం పిల్లలు అదనం. మనుషులు, ట్యాంకులు, కొన్నిచోట్ల కిటికీ చట్రాలు, స్విచ్చుబోర్డులతో సహా రైలెక్కాయి. గోడలు మిగిలాయి.

ఎక్కడికి పోవాలి

జర్మనీ వెళ్లేవాళ్లు వూన్స్‌డోర్ఫ్‌తో మొదలుపెట్టండి. బెర్లిన్‌కు దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్లు. రీజనల్ రైలెక్కి వూన్స్‌డోర్ఫ్-వాల్డ్‌స్టట్ స్టేషన్‌లో దిగాలి. మీ స్టూడెంట్ టికెట్‌లో రీజనల్ రైళ్లు ఉంటే వేరే ఖర్చే లేదు. తూర్పు జర్మనీలోని సోవియట్ దళాలన్నిటికీ హెడ్‌క్వార్టర్స్ ఇదే. అడవిలో గోడ కట్టుకున్న ఒక పూర్తి ఊరు: బడులు, షాపులు, థియేటర్, ఈత కొలను, మాస్కోకు నేరుగా రైలు. స్థానిక జర్మన్లకు లోపలికి ప్రవేశం లేదు. 'చిన్న మాస్కో' అని పిలిచేవారు. జర్మనీ చక్రవర్తి కైజర్ కాలంలో సైనికుల వ్యాయామ శిక్షణకు కట్టిన భవనాన్ని సోవియట్లు ఆఫీసర్స్ హౌస్ చేసుకున్నారు. దాని ముందు లెనిన్ విగ్రహం ఇంకా నిలబడే ఉంది.

పక్కనే నాజీల కాలపు బంకర్లు ఉన్నాయి. కొన్ని పైకి మొనదేలిన కాంక్రీటు టవర్లు. మీద పడ్డ బాంబు పక్కకు జారిపోవాలని అలా కట్టారు. ఇంకొన్నిటిని విమానంలోంచి చూస్తే మామూలు ఇళ్లు అనుకునేలా కప్పులు, కిటికీలు పెట్టి కట్టారు. 1998 నుంచి ఈ ఊరు 'పుస్తకాల ఊరు'గా మారింది. పాత పుస్తకాల షాపులు ఉంటాయి, బంకర్ టూర్లు కూడా అక్కడే దొరుకుతాయి. గైడు జర్మన్‌లో మాట్లాడతాడు. ఏ2 సరిగ్గా చదివినవాళ్లకు సగం అర్థమవుతుంది, మిగతా సగం ఆయన చేతులు ఊపే తీరులో తెలుస్తుంది. జూలైలో వెళ్లినా స్వెట్టర్ పట్టుకెళ్లండి, బంకర్లో చలి.

వూన్స్‌డోర్ఫ్ గురించి మనవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడ యుద్ధఖైదీల క్యాంపు నడిచింది. బ్రిటిష్ సైన్యంలో పోరాడుతూ పట్టుబడ్డ భారతీయ సిపాయిలను ఇక్కడే ఉంచారు. ముస్లిం ఖైదీల కోసం 1915లో చెక్కతో ఒక మసీదు కూడా కట్టారు. చలికి, జబ్బులకు చనిపోయినవాళ్లను దగ్గర్లోని జెహ్రెన్స్‌డోర్ఫ్‌లో పూడ్చారు. అక్కడి ఇండియన్ సిమెట్రీలో 206 మంది ఉన్నారు. ఆ చోటు దశాబ్దాల పాటు సోవియట్ సైన్యం శిక్షణ మైదానం మధ్యలో చిక్కుకుపోయింది, వాళ్లు వెళ్లాక బాగుచేశారు. బంకర్లకు గంట తగ్గించుకునైనా అక్కడికి వెళ్లండి. దారిలో బాట దిగకండి, ఎందుకో తర్వాత చెప్తాను.

రెండోది బీలిట్స్-హైల్‌స్టెట్టెన్. అదే పేరుతో స్టేషన్ ఉంది. 1898లో క్షయ రోగుల కోసం మొదలుపెట్టిన ఆసుపత్రి నగరం ఇది. 1916లో గాయపడ్డ హిట్లర్ చికిత్స పొందింది ఇక్కడే. 1945 తర్వాత సోవియట్ మిలటరీ ఆసుపత్రి అయింది. 2015లో చెట్ల కొమ్మల ఎత్తున నడిచే వంతెన ఒకటి కట్టారు. దాని మీదుగా వెళ్తుంటే ఆల్పెన్‌హౌస్ అనే శిథిలం పైకప్పు మీద పెరిగిన అడవి మీ కాళ్ల కింద కనిపిస్తుంది. టికెట్ ఉంది, టాయిలెట్ ఉంది, కాఫీ ఉంది. అమ్మానాన్న చూడ్డానికి వస్తే వాళ్లను తీసుకెళ్లగలిగిన చోటు ఇదొక్కటే. ఫోగెల్‌జాంగ్, క్రాంప్‌నిట్స్ అనే సోవియట్ స్థావరాల పేర్లు పాత వీడియోల్లో చూసి ఉంటారు. మొదటిదాన్ని చాలావరకు కూల్చేశారు, రెండోది పోట్స్‌డామ్ కొత్త కాలనీగా మారుతోంది. వాటి కోసం రోజు పాడుచేసుకోకండి.

లాత్వియా రాజధాని రీగాలో చదివేవాళ్లు అదృష్టవంతులు. బస్సెక్కితే మూడు నాలుగు గంటల్లో లియెపాయా, దాని పక్కనే కరోస్తా. 1890లలో రష్యా చక్రవర్తి కట్టించిన నౌకాదళ స్థావరం, తర్వాత సోవియట్ సబ్‌మెరైన్ల స్థావరం. సముద్రంలోకి ఒరిగిపోయిన కోటలు, మధ్యలో బంగారు గుమ్మటాల చర్చి, చుట్టూ ఖాళీ ఫ్లాట్లు. నౌకాదళ జైలు ఇప్పుడు మ్యూజియం. ఖైదీలా రాత్రి పడుకునే ఏర్పాటు కూడా పెట్టారు, అది నాకు వేషాలేసుకోవడంలా అనిపిస్తుంది. పగటి టూరు మాత్రం బాగుంటుంది. ఉత్తరాన ఇర్బెనెలో 32 మీటర్ల డిష్ ఉంది. ఒకప్పుడు పడమటి దేశాల మాటలు దొంగచాటుగా విన్న యాంటెన్నా అది. సైన్యం వెళ్తూ కేబుళ్లు పాడుచేసి వెళ్లింది. లాత్వియా శాస్త్రవేత్తలు దాన్ని బాగుచేసుకుని ఇప్పుడు నక్షత్రాల రేడియో తరంగాలు వింటున్నారు. ముందే అడిగితే చూపిస్తారు. లిథువేనియాలోని ప్లోక్‌ష్టినేలో 1960ల నాటి భూగర్భ మిసైల్ స్థావరం 2012 నుంచి మ్యూజియం. మిసైల్ గొయ్యిలోకి పైనుంచి తొంగిచూడొచ్చు, మెట్లు, రెయిలింగు, లైట్లు అన్నీ ఉన్నాయి. ఎస్టోనియాలో హారా అనే పల్లె దగ్గర సబ్‌మెరైన్ల అయస్కాంత గుణం తగ్గించిన రేవు ఉంది. సముద్రంలో పెట్టిన మందుపాతరలు వాటిని పసిగట్టకుండా ఆ పని చేసేవారు.

ఎంబీబీఎస్‌కు వెళ్లేవాళ్లకు వేరే మాట. జార్జియాలో ఉంటే త్స్కల్తుబోలో శానటోరియంలు, అంటే సోవియట్ కాలంలో విశ్రాంతికి, చికిత్సకు కట్టిన భవనాలు చూడొచ్చు. కానీ 1992-93 అబ్ఖాజియా యుద్ధంలో ఇళ్లు పోగొట్టుకున్న కుటుంబాలకు ఏళ్ల తరబడి అవే ఇళ్లు. ఇప్పటికీ ఏదో కిటికీకి బట్టలు ఆరేసి కనిపిస్తే అది ఒకరి ఇల్లని అర్థం. బయటి నుంచే దండం పెట్టి పక్కకు వెళ్లండి, కెమెరా జేబులో పెట్టండి. కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్‌లలో ఉన్నవాళ్లు ఈ సరదా మానుకోండి. బిష్కెక్ పక్కన కాంత్‌లో రష్యా ఎయిర్‌బేస్ ఇప్పటికీ నడుస్తోంది. ఏది ఖాళీదో ఏది కాదో బయటి నుంచి మనకు తెలీదు. కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్స్క్‌లో 1949 నుంచి 1989 దాకా 456 అణుపరీక్షలు జరిగాయి. అక్కడి కాంక్రీటు చూడాలన్న కోరిక చంపుకోండి. ఉక్రెయిన్ గురించి చెప్పేదే లేదు, యుద్ధం రేపు ఆగినా మందుపాతరలు ఏరడానికి ఏళ్లు పడుతుంది.

తలుపు, తాళం, పోలీసు

మనకు పాడుబడ్డ బిల్డింగ్ అంటే ఎవరిదీ కానిది. అక్కడ ఎవరిదీ కానిది ఏదీ ఉండదు. కిటికీలు లేకపోయినా, చెట్లు మొలిచినా, దానికి ఓనరు ఉంటాడు: మున్సిపాలిటీ, రాష్ట్రం, లేదా ఏదో రియల్ ఎస్టేట్ కంపెనీ. జర్మనీలో పరాయి స్థలంలోకి చొరబడితే శిక్షాస్మృతి 123వ సెక్షన్ కింద కేసు, ఏడాది దాకా జైలు లేదా జరిమానా. ఓనరు ఫిర్యాదు చేస్తేనే కేసు నడుస్తుంది నిజమే. కానీ వీసా కోసం బ్యాంకులో డబ్బు కట్టి ఉంచే బ్లాక్డ్ అకౌంట్ పెట్టి, అప్పు చేసి వెళ్లిన మనకు వీసా రెన్యువల్ టైమ్‌లో పోలీసు కాగితం ఒకటి ఎదురుపడితే ఆ టెన్షన్ ఎవరు పడతారు? జర్మన్ కుర్రాడికి అది కథ. మనకు ఇంటి మీద లోను.

కాబట్టి మూడు బోర్డులు కంఠతా పట్టండి. 'బెట్రెటెన్ ఫర్‌బోటెన్' అంటే లోపలికి రావద్దు. 'లేబెన్స్‌గెఫార్' అంటే ప్రాణాపాయం. 'కాంప్ఫ్‌మిట్టెల్' అనో 'మునిత్సియోన్' అనో కనిపిస్తే భూమిలో పేలని మందుగుండు ఉందని. మూడోది కనిపించాక ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి.

టూరు లేని బిల్డింగు చూడాలనిపిస్తే అడగండి. మనవాళ్లు అడగడానికి సిగ్గుపడతారు, దూకడానికి పడరు. ఆ ఊరి మున్సిపల్ ఆఫీసుకు నాలుగు లైన్ల మెయిల్: నేను ఫలానా యూనివర్సిటీ విద్యార్థిని, ఫలానా భవనం చరిత్ర మీద ఆసక్తి ఉంది, ఎవరైనా చూపించగలరా. జవాబు రావడానికి రెండు వారాలు పట్టొచ్చు. చాలాసార్లు ఆ ఊరి చరిత్ర సంఘంలో ఒక రిటైర్డ్ పెద్దాయన ఉంటాడు. తాళంచెవుల గుత్తితో వస్తాడు, ఆపమన్నా ఆపకుండా చెప్తాడు. అలాంటి మనిషి దొరికితే మీరు పది వీడియోలు చూసినా రానిది ఒక పూటలో వస్తుంది. వెళ్లేటప్పుడు ఇంటి నుంచి వచ్చిన సకినాలు నాలుగు పొట్లం కట్టుకెళ్లండి.

డ్రోన్ ఎగరేయకండి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక బాల్టిక్ దేశాల్లో మిలటరీ స్థలం దగ్గర కెమెరాతో తిరిగే విదేశీయుడి మీద కన్ను ఉంటుంది. లాత్వియాలోని స్క్రుందా రాడార్ ఊరు ఒకప్పుడు అందరూ వెళ్లి చూసినదే. ఇప్పుడు లాత్వియా సైన్యం శిక్షణకు వాడుతోంది. పాత బ్లాగులు నమ్మి బయల్దేరకండి. ఈ మాట మీకు కొత్తేమీ కాదు. మన వరంగల్ మామునూరులోనే చూడండి. నిజాం కాలపు విమానాశ్రయం 1981లో మూతపడింది. చుట్టూ పోలీసు శిక్షణ కేంద్రం, బెటాలియన్ ఉన్నాయి. ఖాళీ రన్‌వే కదా అని అక్కడ డ్రోన్ ఎగరేస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

గోడలు చదవడం

దీన్ని వరంగల్ కోటలోనే ప్రాక్టీసు చేయొచ్చు. మనం కీర్తి తోరణం ముందు సెల్ఫీ దిగి బయటికొస్తాం. ఈసారి నాలుగు తోరణాల మధ్య నిలబడి, పడిపోయిన రాళ్లను చూసి, గుడి ఎక్కడుండేదో, గర్భగుడి ఏ వైపో, మంటపం ఎంత వెడల్పో కాగితం మీద గీయండి. ఏ రాయి దూలం, ఏ రాయి స్తంభం మీది బోదె, ఏది గడప అని గుర్తుపట్టండి. తర్వాత అక్కడి బోర్డుతో పోల్చి చూసుకోండి. మిగిలినదాన్ని బట్టి పోయినదాన్ని ఊహించడం అదే. బ్యారక్‌లో చేయాల్సిందీ అదే.

సోవియట్ బ్యారక్‌లన్నీ దాదాపు ఒకే ప్లాను. గుమ్మం లోపలికి రాగానే డ్యూటీ సిపాయి నిలబడే చోటు. అక్కడ నేల మిగతా చోట్లకన్నా అరిగి ఉంటుంది. తర్వాత పొడవాటి కారిడార్. ఇనుప కటకటాలున్న చిన్న గది కనిపిస్తే అది జైలు కాదు, తుపాకులు భద్రపరిచిన గది. గోడ పొడవునా పైపులున్న ఇరుకు గది బూట్లు, కోట్లు ఆరబెట్టుకునేది, ఆ చలిలో అది లేకపోతే బతుకే లేదు. పెద్ద హాలు పడుకునే చోటు. ఎర్ర రంగు, చెక్క ఫ్రేములు, గోడ మీద మేకుల గుర్తులు ఉన్న గది లెనిన్ గది. ప్రతి కంపెనీకీ, అంటే ప్రతి సిపాయిల దళానికీ, ఒకటి ఉండేది. రాజకీయ పాఠాలు అక్కడే చెప్పేవారు, ఇంటికి ఉత్తరాలూ అక్కడే రాసుకునేవారు. బయట ఖాళీ కాంక్రీటు మైదానం కవాతుకు. బిల్డింగ్ ఎప్పటిదో తెలియాలంటే పక్క గోడ పైభాగం చూడండి. తెల్ల ఇటుకల మధ్య ఎర్ర ఇటుకలతో కట్టిన ఏడాదిని పేర్చిపెట్టే అలవాటు సోవియట్ తాపీ పనివాళ్లకు ఉండేది.

రష్యన్ అక్షరాలు వెళ్లేముందే నేర్చుకోండి. భాష రానక్కర్లేదు, అక్షరాలు చాలు. ఒక ఆదివారం పని. ఇంగ్లీషు 'పి'లా కనిపించేది 'ర', 'సి'లా ఉన్నది 'స', 'హెచ్'లా ఉన్నది 'న', 'బి'లా ఉన్నది 'వ'. ఈ నాలుగూ దాటితే మిగతావి సులువు. 'స్తలోవయా' అంటే మెస్సు. 'స్తోయ్' అంటే ఆగు. 'కా-పె-పె' అని మూడక్షరాలు ఉంటే గేటు చెక్‌పోస్టు.

అన్నిటికన్నా ముఖ్యం 'దె-ఎం-బె'. మెస్సు వెనక గోడ మీద, బాయిలర్ గది ఇటుకల మీద, కాపలా టవర్ చెక్క మీద, మేకుతో గీసి ఉంటుంది. సిపాయిలకు సర్వీసు అయిపోయి ఇంటికి వెళ్లే రోజుకు అది గుర్తు. పద్దెనిమిదేళ్లు రాగానే పట్టుకెళ్లిన కుర్రాళ్లు, సైన్యంలో రెండేళ్లు, నౌకాదళంలో మూడేళ్లు. పక్కనే ఏడాది, 'వెస్నా' అంటే వసంతం లేదా 'ఓసెన్' అంటే శరత్తు, ఎందుకంటే విడుదల ఏడాదికి రెండు విడతలుగా ఉండేది. దాని కింద ఊరి పేరు. తాష్కెంట్, బాకు, కీవ్, ఓమ్‌స్క్ ఒకే గోడ మీద. కుర్రాళ్లను సొంతూరికి దూరంగా పంపడం వాళ్ల పద్ధతి. ఒక ఇటుకను పట్టుకుని చూడండి: లోతుగా, ఓపిగ్గా చెక్కిన అక్షరాలు ఉంటాయి, పక్కన హడావుడిగా గీకినవి ఉంటాయి. మొదటిది చలికాలం రాత్రి కాపలాలో చెక్కింది కావచ్చు. ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ ఎదురుగా కాకుండా, టార్చ్ గోడకు ఆనించి పక్క నుంచి వేయండి. గీతల్లో నీడ పడి అక్షరాలు లేచి కనిపిస్తాయి. మన శాసనాలకు కూడా ఈ పద్ధతే పనికొస్తుంది, వేయిస్తంభాల గుడిలో ఒకసారి ప్రయత్నించి చూడండి.

ఆఫీసర్ల ఫ్లాట్లలో వాల్‌పేపర్ పైపొర ఊడిపోయిన చోట కింద న్యూస్‌పేపర్ కనిపిస్తుంది. వాల్‌పేపర్ బాగా అతుక్కోవాలని ముందు పేపర్లు అంటించేవాళ్లు. 'ప్రావ్దా' పేరు గుర్తుపడితే చాలు, పక్కనే తేదీ ఉంటుంది, ఆ గదికి చివరిసారి ఎప్పుడు ముస్తాబు చేశారో తెలిసిపోతుంది. ఒకదాని మీద ఒకటి మూడు రకాల పూల డిజైన్లు ఉంటే మూడు కుటుంబాలు మారాయని ఊహించొచ్చు. తేదీ కోసం ఊడిపోని పొరను పీకకండి. మీ తర్వాత వచ్చేవాడికి కూడా ఏదో మిగలాలి.

కాలు ఎక్కడ పెట్టాలి

ఇది నా సొంత సబ్జెక్టు, కొంచెం ఓపిక పట్టండి. గైడుతో వెళ్లినా ఇవి తెలిసి ఉండాలి.

మన దగ్గర పాత ఇల్లంటే రాతి గోడ, మట్టి నేల. కాలు కింద నేల ఉందనే నమ్మకంతో పెరిగాం. అక్కడి పాత బిల్డింగుల్లో పై అంతస్తుల నేల చాలాచోట్ల చెక్క. పైన పలకలు, కింద దూలాలు, మధ్యలో ఇసుకో బొగ్గు బూడిదో నింపి ఉంటుంది. పైకప్పు కారిన చోట ముప్పై ఏళ్లుగా నీళ్లు దిగి ఆ దూలాల చివరలు, అంటే గోడలోకి దూరిన కొసలు, ముందు పుచ్చిపోతాయి. పైనుంచి చూస్తే పలక కొత్తదానిలా ఉంటుంది. కాబట్టి మొదట కాలు కాదు, తల పైకెత్తండి. పైకప్పులో తడి మరక ఉంటే దాని కింది నేలను నమ్మకండి. నాచు, పుట్టగొడుగు, చిన్న మొక్క ఉన్న చోటు అసలే వద్దు. పలకల మీద మేకుల వరుస కనిపిస్తుంది, దాని కిందే దూలం ఉంటుంది, గది మధ్యలో తిరగకుండా ఆ వరుస వెంట నడవాలి. నా సలహా ఇంకా సూటిగా: చెక్క నేలైతే గుమ్మంలోనే ఆగిపోండి. గుమ్మం నుంచి గది మొత్తం కనిపిస్తుంది.

కాంక్రీటు స్లాబైనా గుడ్డిగా నమ్మొద్దు. కింద పెచ్చులూడి సలాకలు బయటపడ్డాయా, సలాకల వెంట తుప్పు గీతలు ఉన్నాయా చూడండి. మెట్ల రెయిలింగును పాత ఇనుము వాళ్లు కోసుకుపోయి ఉంటారు. రెయిలింగు లేని మెట్లు ఎక్కకండి, చర్చ లేదు.

పాత ఇనుము వాళ్ల అసలు కానుక మాత్రం బయట ఉంటుంది. మ్యాన్‌హోల్ మూతలన్నీ పోయి ఉంటాయి. మోకాలెత్తు గడ్డిలో మూడు మీటర్ల గొయ్యి, అడుగున నీళ్లు. గడ్డిలో నడవకండి, రోడ్డు మీదే నడవండి. ఏప్రిల్ మొదట్లో వెళ్లమని చెప్పేది ఇందుకే. మంచు కరిగి ఉంటుంది, గడ్డి ఇంకా లేవదు, ఆకులు లేవు కాబట్టి బిల్డింగులు కూడా దూరం నుంచి కనిపిస్తాయి. డిసెంబర్‌లో వెళ్తే నాలుగింటికి ముందే చీకటి.

నేల కిందికి గైడు లేకుండా దిగకండి. ఊళ్లో పాడుబడ్డ బావిలోకి దిగేముందు దీపం దించి చూడటం మన తాతలకు తెలుసు. అయినా పూడిక తీయడానికి దిగినవాళ్లు ఊపిరాడక పోయారన్న వార్త ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉంటుంది. ఇంధన ట్యాంకులు, మిసైల్ గోతులు, నీళ్లు నిలిచిన సొరంగాలు అలాంటివే.

ముట్టుకోకూడనివి

సిమెంటు రేకులు. మన ఇళ్ల మీద, పశువుల కొట్టం మీద, బాత్రూం మీద ఉండేవే. అందుకే మనకు వాటిని చూస్తే భయం కలగదు. అక్కడి పాత బిల్డింగుల మీద కూడా అవే అలల రేకులు, పగిలి నేల నిండా పడి ఉంటాయి. ఆస్‌బెస్టాస్ నూలు పోగు గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతే దశాబ్దాల తర్వాత జబ్బు బయటపడుతుంది. జర్మనీ 1993లోనే నిషేధించింది, మన దగ్గర ఇంకా షాపుల్లో దొరుకుతోంది. ముక్కల మీద నడవకండి, తన్నకండి. పైపుల చుట్టూ తెల్లటి పీచు చుట్టి ఉంటే అది ఇంకా ప్రమాదం. లోపల సన్నటి దుమ్మును కూడా ఆపే ఎఫ్ఎఫ్‌పీ3 మాస్కు పెట్టుకోండి. గుడ్డ మాస్కు, కర్చీఫ్ దండగ.

ఇనుప వస్తువులు. తూటా, గుండు, డబ్బా, వైరు ఏదైనా సరే. తుప్పు పట్టిందంటే చచ్చిపోయిందని కాదు. శిక్షణ మైదానాల్లో భూమి నిండా పేలనివి ఉన్నాయి, అందుకే జెహ్రెన్స్‌డోర్ఫ్ దారిలో బాట దిగొద్దన్నాను. కనిపిస్తే దూరం జరిగి, ఫొటో తీసి, 112కు ఫోన్ చేయండి. యూరప్ అంతా అదే నంబరు.

కరోస్తా వెళ్లేవాళ్లకు ప్రత్యేకంగా: ఆ తీరంలో తేనెరంగు ఆంబర్ ముక్కలు, అంటే గట్టిపడిన చెట్టు బంక, దొరుకుతాయి, అందరూ ఏరుకుంటారు. అచ్చం అలాగే కనిపించే తెల్ల భాస్వరం ముక్కలు కూడా పాత బాంబుల నుంచి కొట్టుకొస్తాయి. తడిగా ఉన్నంతసేపు ఏమీ కాదు. జేబులో వేసుకుంటే ఒంటి వేడికి ఆరి, అంటుకుంటుంది. నీళ్లు పోస్తే ఆరినట్టే ఆరి మళ్లీ రాజుకుంటుంది. ఏరాలనిపిస్తే ఒక గాజు సీసానో రేకు డబ్బానో పట్టుకెళ్లి అందులోనే వేయండి, ఆరుబయట రాతి మీద ఆరనిచ్చి చూసుకోండి. జేబులో మాత్రం వద్దు.

సంచిలో ఏముండాలి

మందపాటి అడుగున్న బూట్లు, ఎందుకంటే పలకల్లో మేకులు పైకి లేచి ఉంటాయి. టీటీ ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోండి. రెండు టార్చీలు, ఫోన్ లైటును లెక్కలో వేయకండి. తోలు గ్లవ్స్, నిండు చేతుల చొక్కా, పవర్‌బ్యాంక్. ఒక్కరే వెళ్లకండి, ఎక్కడికి వెళ్తున్నారో రూమ్మేట్‌కు లొకేషన్ పంపి, ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పండి. ఆదివారం అయితే జర్మనీలో షాపులన్నీ బంద్, పులిహోర కలుపుకెళ్లండి. తినేది బిల్డింగు బయట, చేతులు కడుక్కున్నాకే.

మా క్లాసులో ఒక అమ్మాయి వాళ్లమ్మ ఒకరోజు దింపడానికి వచ్చి అడిగింది: "పాడువడ్డ ఇండ్లల్ల పాములుంటయి కద సారూ, పిల్లను పంపుతానంటున్నరు?" పాములు కాదమ్మా, పిడుదులు. పశువులకు పట్టే పిడుదుల్లాంటివే, నువ్వు గింజంత ఉంటాయి, గడ్డి కొస మీద కూర్చుని కాలికి తగులుకుంటాయి. బాల్టిక్ దేశాల్లో వాటి వల్ల మెదడువాపు వస్తుంది, దానికి టీకా ఉంది. మూడు డోసులు. మొదటి రెంటి మధ్య నెల నుంచి మూడు నెలలు ఆగాలి కాబట్టి చలికాలంలోనే మొదలుపెట్టండి. లైమ్ అనే ఇంకో జబ్బుకు టీకా లేదు, మందులున్నాయి.

తిరిగొచ్చిన రోజు రాత్రి బట్టలు విడిగా ఉతకండి, బూట్లు గది బయటే తడి గుడ్డతో తుడవండి, దులపకండి. స్నానం ముందు మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో, చెవుల వెనక ఫోన్ లైటు వేసి చూసుకోండి. పిడుదు కనిపిస్తే కిరోసిన్ పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం, నూనె రాయడం ఏదీ చేయొద్దు. సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగండి. ఆ తేదీ ఫోన్ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. మూడో రోజు నుంచి నెల లోపు అక్కడ ఎర్రటి వలయం పెరుగుతూ కనిపించినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లి ముందు ఆ తేదీ చెప్పండి.